మోర్మన్లందరికీ ఇద్దరు ముగ్గురు భార్యలుంటారా? ఉంటే అమెరికా ప్రభుత్వం ఎందుకు ఊరుకుంటోంది?

ఉండరు. ప్రభుత్వమూ ఊరుకోలేదు. నన్నడిగితే, అది ఊరుకోకుండా చేసిన పనుల్లోనే అసలు చిక్కంతా ఉంది.

నేను పదకొండేళ్లుగా ఉద్యోగరీత్యా యూటా రాష్ట్రంలోని లీహైలో ఉంటున్నాను. మా వీధిలో మా ఇల్లు తప్ప దాదాపు అన్నీ మోర్మన్ల ఇళ్లే, అంటే అమెరికాలో పుట్టిన ఆ క్రైస్తవ శాఖ వారివే. రెండో పెళ్లి చేసుకున్న వారిని ఇప్పుడు వారి చర్చే వెలివేస్తుంది. టీవీలో ఏదో డాక్యుమెంటరీ చూసిన ప్రతిసారీ విజయవాడ నుంచి ఎవరో ఒక బంధువు ఫోన్ చేసి, మా పక్కింటాయనకు భార్యలెందరని అడుగుతారు. ఆయనకు ఉన్నది ఒక్కరే. ఆయనతో నాకున్న ఇబ్బందల్లా, వారికి కాఫీ, టీ నిషిద్ధం కనుక ఇంటికి వచ్చిన మనిషికి గుక్కెడు కాఫీ కూడా ఇవ్వలేకపోవడమే. తెలుగు మోర్మన్లూ ఉన్నారన్న సంగతి ఆ ఫోన్ చేసే వారికి తెలియదు; భారతదేశంలో ఆ చర్చి తొలి 'స్టేక్' (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే.

ఒకప్పుడు వారిలో బహుభార్యత్వం ఉన్నమాట నిజమే. 1852లో బహిరంగంగా ప్రకటించుకుని మరీ ఆచరించారు. 1862 నుంచి కేంద్రం వరసగా చట్టాలు చేసింది, 1879లో రెనాల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు మతవిశ్వాసం పేరుతో నేరం చెల్లదన్నది, 1887 చట్టం చర్చి ఆస్తులనే స్వాధీనం చేసుకోమన్నది. 1890లో చర్చి అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ ఆ ఆచారాన్ని విరమిస్తున్నట్టు ప్రకటించాడు. ఆరేళ్లకు యూటాకు రాష్ట్ర హోదా వచ్చింది. ఈ విరమణను ద్రోహంగా భావించి విడిపోయిన వారిలో కొందరు యూటా, అరిజోనా సరిహద్దు మీద షార్ట్ క్రీక్ అనే చోట స్థిరపడ్డారు. టీవీలో మీరు చూసే పొడుగు గౌనుల స్త్రీలు ఆ శాఖ వారు. వారికీ మా పక్కింటాయనకూ పొత్తు లేదు.

2019 వేసవిలో మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు, జయన్ పార్కు చూసుకుని గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు గట్టుకు వెళ్తూ ఆ ఊరి మీదుగానే కారు నడిపాను. షార్ట్ క్రీక్ ఇప్పుడు యూటా వైపు హిల్డేల్, అరిజోనా వైపు కొలరాడో సిటీ. ఎర్రటి కొండ కింద ఇరవై గదులైనా ఉంటాయనిపించే ఇళ్లు, కొన్నిటి చుట్టూ ఎత్తైన గోడలు. పెట్రోలు బంకులో కౌంటర్ దగ్గర జీన్స్ వేసుకున్న నలభై ఏళ్లు దాటిన ఒక స్త్రీ మా అమ్మ చీర వైపు చాలాసేపు చూసి, చిన్నప్పుడు తానూ మెడ నుంచి మడమ దాకా కప్పుకునే బట్టలే వేసుకునేదాన్నని చెప్పింది. బేరం లేని వేళ కావడం వల్ల మాట సాగింది. 1953 జూలై 26 తెల్లవారుజామున, చంద్రగ్రహణపు చీకట్లో, అరిజోనా గవర్నర్ హోవర్డ్ పైల్ పంపిన పోలీసులు ఊరి మీదికి వచ్చేసరికి, ముందే ఉప్పంది ఉండటంతో జనమంతా బడి ఆవరణలో నిలబడి భక్తిగీతాలు పాడుతున్నారట. మగవాళ్లను అరెస్టు చేసి, 263 మంది పిల్లలను ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుంది. ఆరేళ్ల వయసులో తల్లితో పాటు బస్సెక్కించిన పిల్లల్లో ఈమె తల్లి ఒకరు; తిరిగి ఇల్లు చేరేసరికి రెండేళ్లు పట్టింది.

నేను ఇదంతా తెలుగులో చెబుతుంటే అమ్మకు ఒకటే సందేహం: "మిగతా అమ్మలను ఏమని పిలిచేవారో అడగరా." పేరుకు ముందు 'మదర్' అని చేర్చి పిలిచేవాళ్లమని ఆమె చెప్పింది. అంతవరకూ నోరు విప్పని నాన్న, "మేము పెద్దమ్మ అనేవాళ్లం" అన్నారు.

మా తాతగారికి ఇద్దరు భార్యలు. నాన్న రెండో ఆవిడ కొడుకు. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది, అక్కడ హిందువులకు రెండో పెళ్లిని నిషేధించిన చట్టం వచ్చింది 1949లో. అప్పటికే జరిగిన పెళ్లిళ్ల జోలికి అది పోలేదు. మా నాన్నను ఎవరూ బస్సెక్కించలేదు. ఈ చరిత్ర పెట్టుకుని మా వాళ్లు మోర్మన్లను వింతగా చూడటం నాకు మింగుడుపడదు.

ఊరి మీద పడితే ఊరు ఒక్కటవుతుంది. ఏ పెద్దల మీద ఆగ్రహంతో వెళ్లారో ఆ పెద్దలే రక్షకులై కూర్చుంటారు. పత్రికల్లో ఏడుస్తున్న పిల్లల ఫోటోలు చూసి జనం తిరగబడ్డారు, మరుసటి ఏడు ఎన్నికల్లో పైల్ ఓడిపోయాడు, ఆ తరువాత యాభై ఏళ్లు ఎవరూ ఆ ఊరి వైపు గట్టిగా చూడలేదు. ఆ నిర్లక్ష్యంలోనే ఆ శాఖకు అధినేత అయిన వారెన్ జెఫ్స్ లాంటివాడు పెరిగాడు. టెక్సస్ ప్రభుత్వం 2008లో అదే తప్పు మళ్లీ చేసింది: బూటకమని తరువాత తేలిన ఒక ఫోన్ కాల్ ఆధారంగా ఎల్డొరాడో దగ్గరి ఆ శాఖ వారి ఆశ్రమం నుంచి నాలుగు వందల మందికి పైగా పిల్లలను తరలిస్తే, రెండు నెలలు తిరగకముందే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తిరిగి పంపించమన్నది. పనిచేసింది మరొకటి. సోదాలో దొరికిన రికార్డులను పట్టుకుని, బాలికలపై లైంగిక నేరాలకు గాను ఒక్కొక్కరి మీద విడివిడిగా కేసు నడిపారు. 2011లో జెఫ్స్‌కు యావజ్జీవం, దానిపై మరో ఇరవై ఏళ్లు పడింది.

దానికంటే పెద్ద దెబ్బ 2005లోనే తగిలిందని నా అభిప్రాయం. షార్ట్ క్రీక్‌లో ఇళ్లన్నీ శాఖ పెద్దల చేతిలోని ఒకే ట్రస్టు పేర ఉండేవి. ఎదురు చెప్పినవాడికి భార్యాపిల్లలతో పాటు తాను కట్టుకున్న ఇల్లు కూడా పోయేది. యూటా కోర్టు ఆ ట్రస్టును తన పర్యవేక్షణలోకి తీసుకున్నాక వెలివేసిన కుటుంబాలు ఒక్కొక్కటే వెనక్కు రాసాగాయి. బంకులో ఆమె కూడా అలా తిరిగొచ్చి తండ్రి కట్టిన ఇంటి తాళం తీసుకున్న మనిషే.

2020లో యూటా శాసనసభ, ఇష్టపూర్వకంగా కలిసి ఉండే వయోజనుల బహుభార్యత్వాన్ని ట్రాఫిక్ చలానా స్థాయి తప్పిదానికి తగ్గించింది; బలవంతం, మోసం ఉంటే మాత్రం అది ఇప్పటికీ జైలుకు పంపే నేరమే. మీరు ఊరుకోవడమని అంటున్నది దీన్నే అయితే, పోలీసు స్టేషను మెట్లెక్కే మూడో భార్య తన మీదే కేసు పడుతుందేమోనన్న భయం లేకుండా ఎక్కగలిగేది ఆ మార్పు వల్లనే.