చట్టం దృష్టిలో తల్లీ తండ్రీ

ప్రశ్న: పెంపకం తల్లిది, పెత్తనం తండ్రిది అన్న మూస భావన చట్టాల్లోనూ ఉందా?

జవాబు: ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మైనర్ పిల్లల వ్యవహారాలు చూసే సహజ సంరక్షకుడిగా ముందు తండ్రిని, ఆయన తరువాతే తల్లిని పేర్కొంటుంది. కొడుకు పేరిట బాండ్ల కోసం తల్లి సంతకంతో పెట్టిన దరఖాస్తును రిజర్వు బ్యాంకు తండ్రి సంతకం కావాలంటూ తిప్పి పంపడంతో మొదలైన గీతా హరిహరన్ కేసులో, తండ్రి బతికి ఉన్నా బిడ్డ బాగోగులు పట్టించుకోనప్పుడు తల్లే సంరక్షకురాలు కాగలదని సుప్రీంకోర్టు 1999లో తేల్చింది.

ఇక పెంపకం సంగతి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు ఇచ్చింది కానీ తండ్రి ఊసెత్తలేదు. 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంటూనే, రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లే అవకాశాన్ని తల్లికే రాసింది. పాలు తాగే బిడ్డ మాట వేరు, అన్నం తినే బిడ్డ మూతి తుడవడానికి తండ్రి చెయ్యి పనికిరాదా? కేంద్ర ప్రభుత్వ పురుష ఉద్యోగులకు మాత్రం 15 రోజుల పితృత్వ సెలవు ఉంది.