నచ్చిన బడి ముందు రాయాలా, సీటొచ్చే బడి ముందు రాయాలా?

ప్రభుత్వ బళ్ళ దరఖాస్తులో పోటీ ఎక్కువున్న బడి పేరు మొదట రాస్తే మిగతావి కూడా చేజారిపోతాయా అని అడిగారు. సీట్లు ఏ పద్ధతిలో ఇస్తారన్నదాన్ని బట్టి ఉంటుందండి. ముందు అది కనుక్కోండి.

మా అబ్బాయప్పుడు మేం కనుక్కోలేదు. మనసుకు నచ్చిన బడి మొదట రాశాం, రాలేదు. రెండోది వస్తుందిలే అనుకుంటే, దాన్ని మొదట రాసినవాళ్ళతోనే సీట్లన్నీ నిండిపోయాయి. వాడికి నాలుగోది దక్కింది. ఆ రోజు వాడి మొహం నేనింకా మర్చిపోలేదు. అమెరికాలోని బోస్టన్‌లో కూడా ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి ఉండేది, 2005లో మానేశారు.

పాప వంతు వచ్చేసరికి మా దగ్గరా పద్ధతి మారింది. నేను మాత్రం పాత భయంతో, తేలిగ్గా దొరికే బడినే పెన్సిల్‌తో మొదటి గడిలో రాసుకెళ్ళాను. కౌంటర్‌లో ఉన్నావిడ కాగితం చూసి, "మీకు నిజంగా కావలసింది ఇదేనా?" అని అడిగారు. కాదన్నాను. అప్పుడు ఓపిగ్గా చెప్పారు: ఇప్పుడు ఏ బడీ సీటును వెంటనే ఖాయం చెయ్యదు, తాత్కాలికంగా అట్టే పెడుతుంది. మొదటి బడిలో కాదంటే మన పేరు రెండోదానికి వెళ్తుంది. అక్కడ ముందే సీటు పట్టుకున్నవాళ్ళతో సమానంగా మననీ చూస్తారు. మన అర్హత మెరుగైతే వాళ్ళు తప్పుకోవాల్సిందే. అంటే నచ్చినది మొదట రాసినందువల్ల నష్టం లేదు. అక్కడే రబ్బరు అడిగి చెరిపేశాను.

గేల్, షాప్లీ అనే ఇద్దరు గణిత పండితులు 1962లో రాసిన పద్ధతి ఇది. న్యూయార్క్ హైస్కూళ్ళలో 2003లో దీన్ని తెచ్చినప్పుడు 12 పేర్ల దాకా రాయనిచ్చారు. గడులు తక్కువుంటే మాత్రం చివర్లో తప్పక దొరికే బడి ఒకటి ఉంచండి.

అయితే ఏ బడి నచ్చాలో ఏ లెక్కా చెప్పదు, అది మనమే చూసుకోవాలి. మా పాప నలుగురిలో నోరు విప్పదు. పేరున్న బడికి తీసుకెళ్తే నా చెయ్యి వదల్లేదు. ఇంకో బడిలో టీచరు ఒక పిల్లాడి పక్కన నేలమీద కూర్చుని లెక్క చెప్పడం తలుపు దగ్గర నిలబడి చూసింది. తిరిగొస్తూ, "ఇక్కడైతే అడగొచ్చు నాన్నా" అంది. మేం మొదటి గడిలో రాసింది ఆ బడే. వచ్చింది కూడా.