ప్రకృతి గురించి డైరీ రాస్తే పాడైన నేలను బాగుచేయడానికి ఏమైనా పనికొస్తుందా?

పనికొస్తుంది, కాకపోతే తేదీ, చోటు వేసి చూసింది చూసినట్టు రాయాలి. ఏ చెట్టు ఎప్పుడు పూసింది, ఏ పిట్ట ఎప్పుడొచ్చింది అన్న లెక్క ఏళ్ల తరబడి ఉంటేనే నేల ఎలా మారుతోందో తెలుస్తుంది. జ్ఞాపకాన్ని నమ్ముకుంటే కుదరదు.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ప్రకృతి పరిశోధకుడు, రచయిత ఆల్డో లియోపోల్డ్ 1935లో సారం పోయిన పొలం కొని, కుటుంబంతో కలిసి వేలాది పైన్ మొక్కలు నాటాడు. తొలి ఏళ్లలో నాటినవి చాలావరకు కరువుకు ఎండిపోయాయి, అయినా మానలేదు. అక్కడ ఆయన రాసుకున్న తేదీలను దశాబ్దాల తర్వాత కూతురు, తోటి పరిశోధకులు కొత్త లెక్కలతో పోల్చారు. వసంతంలో కొన్ని చెట్లు, మొక్కలు మునుపటి కంటే ముందే పూస్తున్నాయని, కొన్ని పక్షులు ముందే వస్తున్నాయని తేలింది.

ఇలాంటి రాతకు కవి హృదయం ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. తేదీ వేసి, 'వీధి చివరి కానుగ చిగురించింది' అన్నా చాలు.