చిన్న ట్రాక్టర్ లోడర్‌తో బరువైన కుండీ చెట్లను తరలించవచ్చా?

తరలించవచ్చు, అయితే కుండీ, తడి మట్టి, చెట్టు కలిసిన బరువు లోడర్ (ట్రాక్టర్ ముందు బిగించే, బరువులెత్తే చేతులు) పరిమితికి లోబడి, ట్రాక్టర్ వెనుక తగినంత ఎదురుబరువు ఉన్నప్పుడే. తయారీదారులు చెప్పే సామర్థ్యం చాలాసార్లు లోడర్ చేతుల చివర, పరికరాలను తగిలించే పిన్నుల దగ్గర లెక్కించినది. ఫోర్కుల (ముందుకు చాచి ఉండే ఇనుప కడ్డీల) మీది కుండీ బరువు ఇంకా ముందుకు పడుతుంది కనుక నిజంగా ఎత్తగలిగేది అంతకంటే తక్కువే, పైగా వెనుక చక్రాలు నేలను వదిలే ప్రమాదమూ ఉంటుంది. ఉదాహరణకు, 200 లీటర్ల కుండీ నిండా తడిసిన తోటమట్టి ఉంటే, చెట్టును లెక్కించకుండానే బరువు 300 కిలోలు దాటుతుంది. వెనుక బరువు పెంచితే లోడర్ ఎక్కువ ఎత్తుతుందని చాలామంది పొరబడతారు. ఎత్తే శక్తిని నిర్ణయించేది హైడ్రాలిక్ వ్యవస్థ, ఎదురుబరువు ట్రాక్టర్‌ను నిలకడగా ఉంచుతుందంతే. ఆ నిలకడ చెడకుండా కుండీని నేలకు వీలైనంత దగ్గరగా ఉంచి నెమ్మదిగా నడపాలి.