అరికాళ్ల మంటలకు రెండు గోలీలు: తమ్ముడికి లేఖ

తమ్మీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన గోలీల ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఒకటి నీ అరికాళ్ల మంటలకు డాక్టరు రాసిన నరాల నొప్పి గోలీ, ప్రెగబాలిన్ 75 మిల్లీగ్రాములు. రెండోది మెడికల్ షాపు పిల్లగాడు ఇచ్చిన ‘నరాల బలం గోలీ’. దాని వెనక సన్న అక్షరాలు చదివావా? అందులోనూ ప్రెగబాలిన్ 75 ఉంది! అంటే రాత్రికి 150 మింగుతున్నావు. పొద్దున లేవగానే తూలు రాదా మరి? రేపే రెండు పట్టీలూ డాక్టరుకు చూపించు. అప్పటిదాకా కోపమొచ్చి రెండూ ఒక్కసారే మానకు. ప్రెగబాలిన్‌ను కనీసం వారం పాటు తగ్గించుకుంటూ ఆపాలి. లేకుంటే నిద్ర పట్టదు, చెమటలు, గాబరా.

రెండో గోలీలో ప్రెగబాలిన్‌తో పాటు ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ కూడా ఉంది. అది యాంటీఆక్సిడెంట్, అంటే కణాలు దెబ్బతినకుండా కాపాడే రకం. షుగర్ వల్ల నరాలకు జరిగే నష్టాన్ని అది కొంత తగ్గిస్తుందని ఆశ. నొప్పి కబురును అణిచేది మాత్రం ప్రెగబాలినే. లిపోయిక్ మీద పరీక్షలు ఎక్కువగా రోజుకు 600 మిల్లీగ్రాములతో జరిగాయి, ఇలాంటి కలిపిన గోలీల్లో చాలావాటిలో ఉండేది 100. మొదట్లో కొన్ని పరీక్షల్లో వారాల్లోనే మంటలు తగ్గాయన్నారు. 2024లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్ష సంస్థ వాళ్లు పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఆరు నెలలయ్యాక పెద్ద తేడా కనబడలేదు. అందుకే దాని మీద అప్పు చేసి పెట్టేంత నమ్మకం నాకు లేదు. డాక్టరు సరేనంటే లిపోయిక్ ఒక్కటే ఉన్న విడి గోలీ తెచ్చుకుని, తిండికి అరగంట ముందు వేసుకో. కడుపులో మంటగా ఉంటే తిన్నాక వేసుకో. షుగర్ కొంచెం పడే వీలుంది కాబట్టి మిషన్‌తో చూసుకుంటుండు. మూడు నెలల్లో తేడా లేకుంటే ఆపెయ్. ఏదైనా కొత్తది ఒక్కొక్కటిగానే మొదలుపెట్టు. రెండు కొత్తవి ఒకేరోజు మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో ఎవరికి తెలుస్తుంది?

నా మాట వింటే ముందు బి12 విటమిన్ పరీక్ష చేయించు. ఇన్నేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ గోలీ వేసుకుంటున్నావు, అది బి12ను తగ్గించొచ్చు. తగ్గితే అచ్చం ఇలాంటి మంటలు, తిమ్మిర్లే. అదే రక్తంతో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూపించు. కిడ్నీ బలహీనమైతే ప్రెగబాలిన్ డోసు తగ్గించాలి.

ఇంకోటి. మనం ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లం. మెడ, నడుము బిగుసుకుపోయి కాళ్లు బరువెక్కుతుంటే అది షుగర్ నరాలు కాకపోవచ్చు. ఫ్లోరైడ్‌తో పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతుండొచ్చు. అప్పుడు ఈ గోలీలతో నయం కాదు, స్కానింగ్ కావాలి. ఈ మాట డాక్టరుకు నువ్వే గుర్తు చెయ్.

కల్లు సంగతి దాచకు. చెట్టు దిగిన కల్లు వేరు, దుకాణం కల్లు వేరు. డైజోపాం, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లుతో పాలమూరు జిల్లాలో ఎంతమంది దవాఖానల పాలయ్యారో నీకూ తెలుసు. దాని మీద ప్రెగబాలిన్ పడితే నిద్రలో ఊపిరే మందగించొచ్చు. అట్లని ఒక్కసారే కల్లు మానినా ఫిట్స్ రావచ్చు. సిగ్గుపడకుండా రోజుకు ఎన్ని సీసాలో డాక్టరుకు చెప్పు.

నల్లగొండ వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచిలో వేసుకుని రా. బీపీవి, షుగర్‌వి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా.

నీ అక్క