తల్లికి వందనం జమ అయినట్టు చూపించి, చేతికి రాకపోతే

అక్కా, మీ పిల్లలిద్దరూ కోసిగి సర్కారు బడిలో చదువుతున్నారని, సచివాలయంలో తల్లికి వందనం (బడికి పోయే పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు) జమ అయినట్టు చూపిస్తున్నా పాస్‌బుక్‌లో పడలేదని రాశారు. టెన్షన్ పడొద్దు. ఆ డబ్బు ఆధార్‌కు చివరిగా లింక్ అయిన ఖాతాలోకి పోతుంది. గుంటూరుకు మిర్చి కోతలకు పోయినప్పుడు ఇంకో ఖాతా తెరిచానన్నారు కదా, ముందు అందులో చూడండి. ఒక్కొక్కరికి 15,000లో బడి నిర్వహణకు 2,000 పోను, ఇద్దరికీ కలిపి 26,000 ఉండాలి. ఆధార్ వెబ్‌సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. ఇకమీదట ఊళ్లో ఖాతాకే రావాలంటే, ఊళ్లో ఖాతా ఉన్న బ్యాంకులోనే ఎన్‌పీసీఐ లింక్ (ఆధార్ డబ్బు ఏ ఖాతాకు పోవాలో చెప్పే లింక్) మార్చమని రాసివ్వండి. మా చెల్లెలికీ ఇట్లాగే పాత ఖాతాలో దొరికింది.

నాకు ఎక్కువ దిగులు ఇంకో విషయం మీద. ఈ డబ్బు రావాలంటే పిల్లలకు 75 శాతం హాజరు ఉండాలన్న నియమం ఉంది. సుగ్గికి (వలస కూలికి) పోయేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకుపోకండి, సీజనల్ హాస్టల్ (వలస పోయినవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే హాస్టల్) పెడతారేమో హెడ్‌మాస్టర్‌ను ఇప్పుడే అడగండి. ప్రభుత్వం ముందుగా డబ్బు పెట్టాల్సింది ఈ హాస్టళ్ల మీదేనని నా గట్టి అభిప్రాయం. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డాక తెరిస్తే అందులో ఉండడానికి పిల్లలేరీ?