పాప గొలుసు నా దగ్గరుంది, నా ఫీజు వాళ్ల దగ్గరుంది, కుదవ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లోనే నలుగురు పిల్లకాయల్ని చూసుకుంటా. అందులో ఒక పాపని సొంత బిడ్డ లెక్క చూసినా. అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగస్తులే. నెలకి 4,500, తర్వాతి నెల 5వ తేదీకి ఇస్తామని మాట. 2023 ఆగస్టు నుంచి 2024 మార్చి దాకా 8 నెలలు ఇవ్వలేదు, మొహమాటంతో నేనూ గట్టిగా అడగలేదు. తర్వాత బెంగళూరు ఎల్లిపోయారు. 2024 నవంబర్‌లో 2,000 ఫోన్‌పే చేసి "మిగతాది జనవరిలో సర్దుతా అక్కా" అని పాప నాన్న వాట్సాప్ పెట్టినాడు, అంతే. ఇప్పుడు అడిగితే మీ ఇంట్లో పడి మా పాప మోకాలు దోక్కుపోయింది, కేసు పెడతాం అంటున్నారు. పాప బంగారు గొలుసు స్నానం చేపించేటప్పుడు తీసింది, నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని కుదవ పెట్టి నా డబ్బు పట్టుకోవచ్చా? అన్నం తినిపించిన చేతులకి ఇదా సార్ ఫలితం?

జవాబు: ఫలితం సంగతి నాకు తెలీదమ్మా, తేదీల సంగతి చెప్తా, మీ కేసు మొత్తం దాని మీదే ఉంది.

ఇట్లాంటి బాకీకి దావా వేయడానికి లిమిటేషన్ చట్టం 1963 ప్రకారం 3 ఏళ్లే టైము. 8 నెలలదీ ఒకే బాకీ అనుకుని, పాప మానేసిన రోజు నుంచి లెక్కేస్తే తప్పు. ప్రతి నెలకీ 5వ తేదీ అని మీరే మాట పెట్టుకున్నారు కాబట్టి ఏ నెల గడువు ఆ నెలదే. 2023 ఆగస్టు డబ్బు సెప్టెంబర్ 5కి రావాలి, రాలేదు, అంటే దానికి 2026 సెప్టెంబర్ 5తో సరి. ఆ తర్వాత నెలకొకటి రాలిపోతా వస్తుంది, ఆఖరిది 2024 మార్చిది, దానికి 2027 ఏప్రిల్ 5. లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన ఈ గడువు ఆగదు, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగినా ఆగదు. చానా మంది ఇక్కడే మునిగిపోతారు.

మరి 2,000 ఇచ్చినాడు కదా, దాంతో గడువు మళ్లీ మొదలవదా అంటారు. గడువు లోపల కొంత కట్టినా, బాకీ ఒప్పుకున్నా 3 ఏళ్లు కొత్తగా మొదలవుతాయి, నిజమే. కానీ చట్టం అడిగేది ఇచ్చినాయన చేతిరాతో, సంతకం ఉన్న రాతో. వాట్సాప్ మెసేజ్‌ని అట్ల లెక్కేయమని కోర్టులో వాదిస్తాం, నెగ్గొచ్చు కూడా, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి, పాత తేదీలతోనే పరిగెత్తండి. ఇంకోటి, ఆ 2,000 ఏ నెల కింద అని ఎవరూ చెప్పలేదు కాబట్టి అన్నిటికన్నా పాత నెల కిందికే పోతుంది. అంటే ఆగస్టుకి 2,500, మొత్తం 34,000.

ఇంక గొలుసు. ముట్టుకోవద్దు. కుదవ పెట్టొద్దు, అమ్మొద్దు, "డబ్బిస్తేనే ఇస్తా" అని మెసేజ్ కూడా పెట్టొద్దు. మీరు దాన్ని బాకీ కింద పట్టుకునే హక్కు చట్టంలో లేదు. రిపేరుకిచ్చిన వస్తువు మీద పనిచేసినోడు కూలి ఇచ్చేదాకా దాన్ని ఆపుకోవచ్చు, మీరు పని చేసింది గొలుసు మీద కాదు కదా. మా వకీళ్లకే ఫీజు ఇవ్వలేదని క్లయింటు కేసు కాగితాలు ఆపుకునే హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. మీరు కుదవ పెట్టిన రోజు వాళ్ల చేతికి మీరే నమ్మకద్రోహం కేసు ఇచ్చినట్టు, భారతీయ న్యాయ సంహిత 316 సెక్షను, 5 ఏళ్ల దాకా జైలు. 34,000 రావాల్సిన మనిషి ముద్దాయి అయిపోతుంది. ఈ పూటే మెసేజ్ పెట్టండి: గొలుసు నా దగ్గర భద్రంగా ఉంది, వచ్చి సంతకం పెట్టి తీసుకుపోండి అని. అందులో ఫీజు మాట కలపొద్దు.

మోకాలు బెదిరింపు చిన్నది కాదు. పిల్లల్ని తన దగ్గర పెట్టుకున్నోళ్లు కావాలని నిర్లక్ష్యం చేస్తే జువైనల్ జస్టిస్ చట్టం 2015, 75వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఆడుకుంటా పడిపోవడం అది కాదు, కానీ చెప్పాల్సింది సాక్ష్యం. పడిన రోజే వాళ్లమ్మకి ఫోటో పంపినారా? ఆమె "పర్లేదక్కా" అనిందా? ఉంటే మీ రక్ష అదే.

మొదట్నుంచీ ఒక్క చిన్న కాగితం లేకుండా, 8 నెలలు ఒక్క లెటర్ లేకుండా ఎట్ల గడిపినారమ్మా? సరే, ఉన్నవాటితో చేద్దాం. పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌కి ఇవ్వొద్దు, రీసెట్ కొట్టొద్దు. ఊరికే స్క్రీన్‌షాట్ ప్రింట్ తెస్తే చాలదు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఫోన్‌లోని రికార్డుకి సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం ఎక్స్‌పర్ట్ ఇవ్వాలి. బ్యాంకులో అంతకుముందు నెలల 4,500లు పడిన స్టేట్‌మెంట్ తీయించండి, నెలకింత అనే మాటకి దానికన్నా గట్టి రుజువు లేదు. గోడ మీద టీటీడీ క్యాలెండర్‌లో పాప వచ్చిన రోజులు టిక్కులు పెట్టుకున్నారా, ఆ ఏడాదివి పాతపేపర్లోడికి వేయకుండా ఉంటే దాచండి, అయితే మీ రాత ఒక్కటే బాకీని నిలబెట్టదు, తోడుగా మిగతా పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరు సాక్ష్యం చెప్పాలి.

తిరుపతి కోర్టు కాంప్లెక్స్‌లో మండల న్యాయ సేవాధికార సంఘానికి పోండి, ఆడోళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది, ఫోన్ కావాలంటే 15100. లోక్ అదాలత్‌కి దావా వేయకముందే పిటిషన్ పెట్టొచ్చు. రాజీ కుదిరితే అక్కడిచ్చే అవార్డు కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, అప్పీలు లేదు, వాయిదాల్లో కట్టించుకోవచ్చు, అప్పటికీ తీసుకుపోకపోతే గొలుసు కూడా అక్కడే ఇచ్చేసి రాయించుకోండి. వాళ్లు రాజీకి రాకపోతే 2023 ఆగస్టు నెల బాకీ గడువు దాటకముందే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా పడాలి. వాళ్లు బెంగళూరులో ఉన్నా పని జరిగింది ఇక్కడే కాబట్టి తిరుపతిలోనే వేయొచ్చు, నోటీసు పోవడానికి మాత్రం వాళ్ల ఇప్పటి అడ్రస్ కావాలి, అది ముందు కనుక్కోండి.